డబ్బిచ్చి కొన్న భూమే అయితే గొడవెందుకు? పట్టా వేరు, దేశం వేరు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "డల్లాస్‌లో ఒకే ఇంట్లో నలుగురం ఉంటాం. ఒకడు 'యూదులు పాలస్తీనాలో భూమి డబ్బిచ్చి కొనుక్కున్నారు, అరబ్బులే అమ్ముకున్నారు, ఇప్పుడొచ్చి మాదంటే ఎలా?' అంటాడు. ఇంకొకడు 'అదంతా కబ్జా, వాళ్ళు యూరప్‌కు తిరిగి పోవాల్సిందే' అంటాడు. మొదటివాడు రెండోవాణ్ణి యూదు ద్వేషి అన్నాడు. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది రైటు?"

ఇద్దరూ తప్పే. కాకపోతే తప్పులు ఒకే రకం కావు. కొన్నమాట నిజమే. కానీ 1948 నాటికి యూదు సంస్థలూ వ్యక్తులూ కలిసి కొన్నది మొత్తం పాలస్తీనాలో 6-7 శాతం. ఆ కాగితాలతో మిగతా దేశానికి హక్కు రాదు. అలాగని వచ్చినవాళ్ళంతా దోపిడీకే వచ్చారనీ, ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవాలనీ అనడం చరిత్రకూ నిలవదు, న్యాయానికీ నిలవదు. ఇక జియోనిజాన్ని, అంటే పాలస్తీనాలో యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమాన్ని, విమర్శించడం దానికదే యూదు ద్వేషం కాదు. కాని మీ రెండోవాడి చివరి వాక్యం ఆ గీత మీద నిలబడి ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పాను. ఏటా ఈ అంశం మీద చర్చ పెట్టేవాణ్ణి, ఏటా క్లాసు రెండుగా చీలేది. వాదన ఎక్కడ దారి తప్పుతుందో చూసీ చూసీ నాకొకటి అర్థమైంది. ఎవరి పేరున పట్టా ఉంది, ఎవరు దున్నుకుంటున్నారు, అక్కడ ఎవరి రాజ్యం ఉండాలి అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మనవాళ్ళు ఒకదానికి జవాబు చెప్పి మూడూ తేల్చేశామనుకుంటారు.

ముందు ఆ 6-7 శాతం సంగతి. బ్రిటిష్ మాండేట్ పాలస్తీనా, అంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఏలిన పాలస్తీనా, విస్తీర్ణం సుమారు 2 కోట్ల 60 లక్షల దునాములు. నాలుగు దునాములు దాదాపు ఒక ఎకరం. అందులో యూదుల చేతిలో ఉన్నవి 15 నుంచి 18 లక్షల దునాములు. ఈ లెక్క చూపించి "అంటే మిగతా 93 శాతం అరబ్బులదే" అనేవాళ్ళూ ఉన్నారు, అదీ తప్పే. దక్షిణాన నెగెవ్ ఎడారి ఒక్కటే దాదాపు సగం ఉంటుంది. అక్కడ చాలా భాగం రిజిస్టరే కాలేదు, సర్కారీ భూమి కింద లెక్క. బెదూయిన్లు అనే సంచార అరబ్బు తెగలవాళ్ళు తరతరాలుగా అక్కడ పశువులు మేపుకున్నారు, వాన పడితే బార్లీ వేసుకున్నారు. కాగితం మాత్రం లేదు.

కాగితం ఎందుకు లేదనేదే అసలు కథ. 1858లో, అప్పట్లో పాలస్తీనాను ఏలుతున్న ఒట్టోమన్ (టర్కీ) ప్రభుత్వం భూమి చట్టం తెచ్చింది. సాగుభూమిలో ఎక్కువ భాగం 'మీరీ', అంటే యాజమాన్యం సుల్తానుది, సాగు హక్కు రైతుది. కొండ ఊళ్ళలోనూ మైదానాల్లోనూ 'ముషా' అనే పద్ధతి ఉండేది. భూమి ఊరందరిదీ, కొన్నేళ్ళకోసారి వాటాలు మార్చుకుంటారు. కొత్త చట్టం వచ్చి ఎవరి పేరున నమోదు చేయమంటారని అడిగితే రైతు భయపడ్డాడు. పేరు రాయిస్తే పన్ను పడుతుంది, కొడుకును సైన్యంలోకి లాక్కుపోతారు. కాబట్టి ఊరి పెద్ద పేరునో పట్నంలో షావుకారు పేరునో రాయించి తన మానాన తాను దున్నుకున్నాడు. కొన్ని ప్రాంతాల్లో ప్రభుత్వమే ఊళ్ళకు ఊళ్ళు వ్యాపారులకు అమ్మేసింది.

అలా మర్జ్ ఇబ్న్ ఆమిర్ అనే సారవంతమైన లోయలో, యూదులు జెజ్రీల్ అనే లోయ అదే, పెద్ద భాగం బేరూత్‌లో ఉండే సుర్సుక్ అనే వ్యాపార కుటుంబం చేతికి పోయింది. 1920లలో వాళ్ళు దాన్ని యూదు సంస్థలకు అమ్మారు. అమ్మకం చట్టబద్ధమే, ధరా తక్కువేం కాదు. మునుపు భూస్వామి మారినా దున్నేవాడు మారేవాడు కాదు. ఈసారి మారాడు. 1901లో పుట్టిన యూదు జాతీయ నిధి అనే సంస్థ కొన్న భూమిని మళ్ళీ అమ్మదు, యూదులకు కౌలుకిస్తుంది, అందులో యూదు కూలీలే పనిచేయాలని కౌలు పత్రంలో షరతు. కాబట్టి కొనుగోలు పూర్తవ్వాలంటే దున్నేవాడు ఖాళీ చేయాలి. కొందరికి పరిహారం ఇచ్చారు. పరిహారంతో ఇంకోచోట భూమి దొరకనివాళ్ళు హైఫా రేవులో కూలికి చేరారు. 1929లో బ్రిటిష్ వాళ్ళు సాగుదారుల రక్షణకని చట్టం చేశారు. దానికి సందులు చాలానే దొరికాయి.

పాలస్తీనా లోపలి పెద్ద కుటుంబాలు కూడా అమ్మాయి. పగలు సభలో "అంగుళం అమ్మొద్దు" అని గర్జించి రాత్రి దళారీతో బేరమాడినవాళ్ళు ఉన్నారు. మీ మొదటి మిత్రుడు ఇది ఎత్తితే కాదనకండి. అమ్మినవాడు వేరు, వెళ్ళగొట్టబడినవాడు వేరు అని మాత్రం చెప్పండి.

ఇక్కడ మా క్లాసులో జరిగింది చెప్పాలి. 2014లో గాజా యుద్ధం నడుస్తుండగా చర్చ పెట్టి, సగంలో ఆపి, పక్షాలు మార్చుకోమన్నాను. ఇజ్రాయెల్ తరఫున బాగా మాట్లాడిన ఒక కుర్రాడు, జనగామ వైపు వాడు, కాసేపు నోరు మెదపలేదు. తర్వాత లేచి, "సార్, మా తాతకు పట్టా లేదు. దొర పేరున ఉండేది. రక్షిత కౌలుదారుగా మా తాతకు ముప్పై ఎనిమిది-ఇ సర్టిఫికెట్ వచ్చింది. ఆ చట్టమే లేకపోతే దొర ఎవరికో అమ్ముకునేవాడు, మేము పోయేవాళ్ళం. అప్పుడు కొన్నవాడిది తప్పా, అమ్మినవాడిది తప్పా?" అని అడిగాడు. ఆ సర్టిఫికెట్‌కు మూలమైన 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం గురించి నేను అంతకుముందు ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పనిచేసింది. దున్నేవాడికి కాగితం లేకపోయినా హక్కు ఉంటుందని మన దగ్గర చట్టమే ఒప్పుకుంది. పాలస్తీనా రైతు విషయంలో మాత్రం "పట్టా చూపించు" అంటాం.

మూడో ప్రశ్న, రాజ్యం. హైదరాబాద్‌లో ఎవరైనా వెయ్యి ఎకరాలు కొంటే వెయ్యి ఎకరాల ఆసామి అవుతాడు గాని వేరే దేశం పెట్టుకోలేడు. రాజ్యహక్కు రిజిస్ట్రార్ ఆఫీసులో పుట్టదు. అక్కడ నివసించే జనం ఎవరన్నదాన్ని బట్టి వస్తుంది. 1917 నవంబర్ 2న బ్రిటన్ బాల్ఫర్ ప్రకటనలో యూదులకు "జాతీయ నివాసం" అంది. ఉన్న జనాన్ని "యూదేతర సమాజాలు" అని, వాళ్ళ పౌర, మత హక్కులకు భంగం రాకూడదంది. వాళ్ళ రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. 1922 జనగణనలో మొత్తం జనాభా 7 లక్షల 57 వేలు, అందులో యూదులు 11 శాతం. అంటే 89 శాతం మందిని 'యూదులు కానివాళ్ళు'గా నిర్వచించారు! 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం వచ్చేనాటికి యూదులు మూడో వంతు. తీర్మానం యూదు రాజ్యానికి 55 శాతానికి పైగా భూభాగం ఇచ్చింది. అరబ్బులు ఎందుకు ఒప్పుకోలేదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. భారతదేశం కూడా వ్యతిరేకంగానే ఓటేసింది. ముక్కలు చేయకుండా ఒకే సమాఖ్యగా ఉంచాలన్నది అప్పటి మన వాదన. మనకు అప్పటికి మూడు నెలల ముందే విభజన గాయం తగిలింది మరి.

ఇంతవరకు చదివి మీ రెండో మిత్రుడు చంకలు గుద్దుకుంటే ఆగమనండి. రెండో వైపు ఉంది.

జియోనిజం ఎవడో దురాశతో కనిపెట్టింది కాదు. ఆ మాటలోని జియోన్ మన క్రైస్తవ పాటల్లో వినపడే సీయోనే, యెరూషలేము కొండ. ప్రార్థనల్లో వందల ఏళ్ళుగా ఉన్న ఆ పేరు రాజకీయ ఉద్యమంగా మారింది రష్యా సామ్రాజ్యంలో 1881 నుంచి యూదుల మీద మూకదాడులు మొదలయ్యాక. ఫ్రాన్స్‌లో 1894లో డ్రెయ్‌ఫస్ అనే యూదు సైనికాధికారిని దొంగ సాక్ష్యంతో దేశద్రోహిని చేశారు. ఆ తర్వాత 1897లో బాసెల్‌లో థియోడర్ హెర్జల్ మొదటి జియోనిస్టు మహాసభ పెట్టాడు. విచిత్రమేమిటంటే అదే ఏడాది విల్నాలో 'బుండ్' అనే యూదు కార్మిక సంస్థ పుట్టింది. వీళ్ళు జియోనిజానికి బద్ధ వ్యతిరేకులు. ఉన్నచోటే హక్కుల కోసం పోరాడదాం, పారిపోవద్దు అన్నారు. 1939 వరకు ఈ వాదన యూదుల ఇళ్ళలోనే నడిచింది. దాన్ని తేల్చింది తర్కం కాదు. హిట్లర్ 60 లక్షల మందిని చంపాడు, పోలెండ్‌లో బుండ్‌ను నమ్ముకున్న జనమే దాదాపు మిగలలేదు.

1938 జూలైలో ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థులను ఏం చేయాలని చర్చించాయి. దాదాపు అందరూ సానుభూతి తెలిపి తలుపులు వేసుకున్నారు. మరుసటి ఏడాది సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మందితో క్యూబా దాకా వెళ్ళి, అమెరికా కూడా దిగనివ్వక యూరప్‌కు తిరిగొచ్చింది. వాళ్ళలో 254 మంది తర్వాత నాజీల కాలంలో చనిపోయారు. "మనకంటూ ఒక తలుపు ఉండాలి, దాని తాళం మన దగ్గరే ఉండాలి" అని ఆ ఓడ వెనక్కు తిరిగినప్పుడు ఒక యూదుడు అనుకుంటే నేను కాదనలేను. ఆ తలుపు ఇంకొకరి ఇంటికి పెట్టారన్నదే పేచీ.

ఈ రెండూ ఒకే మనిషి ఒకే ఉత్తరంలో చెప్పిన సందర్భం ఉంది. యెరూషలేము మాజీ మేయరు యూసుఫ్ జియా అల్-ఖాలిదీ 1899 మార్చిలో హెర్జల్‌కు చేరేలా ఉత్తరం రాశాడు. చారిత్రకంగా ఈ నేల మీతో ముడిపడినదే, దాన్ని ఎవరు కాదనగలరన్నాడు. కానీ ఇక్కడ ఇప్పుడు వేరే జనం ఉన్నారు, దేవుడి పేరు మీద అడుగుతున్నాను, పాలస్తీనాను వదిలేయండి అన్నాడు. హెర్జల్ మర్యాదగానే జవాబిచ్చాడు. మీ ఆస్తుల విలువ పెరుగుతుంది, సంపద వస్తుంది అన్నాడు. ఒకరు దేశం గురించి అడిగితే రెండోవారు భూమి రేటు గురించి చెప్పారు. మీ గదిలో గొడవ 1899లోనే మొదలైంది, అంతే.

జియోనిస్టులందరూ కళ్ళు మూసుకోలేదు కూడా. అహద్ హా-అమ్ అనే రచయిత 1891లోనే అక్కడికి వెళ్ళొచ్చి, ఖాళీ నేల అనుకుంటున్నాం గాని సాగులో లేని మంచి భూమి దొరకడమే కష్టం అని రాశాడు. కరడుగట్టిన జియోనిస్టు నాయకుడు జాబొటిన్‌స్కీ 1923లో ఇంకా సూటిగా, ఏ నేల బిడ్డలూ తమ దేశాన్ని మాట్లాడకుండా అప్పగించరు, కాబట్టి బలంతోనే సాధించాలన్నాడు. ఆయన దారి నాకు నచ్చదు. "అక్కడ ఎవరూ లేరు" అనే వాట్సాప్ పండితుల కంటే మాత్రం నిజాయితీపరుడు.

1948 తర్వాత భూమి చేతులు మారింది కొనుగోలుతో కాదు. మీ మొదటి మిత్రుడి వాదన పూర్తిగా కూలేది ఇక్కడే. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 నాటి యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనియన్లు పారిపోయారు, తరిమివేయబడ్డారు. 1948 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం శాంతిగా బతకదలచినవాళ్ళను తిరిగి రానివ్వాలంది. రానివ్వలేదు. 1950లో ఇజ్రాయెల్ గైర్హాజరీల ఆస్తి చట్టం చేసి వాళ్ళ ఇళ్ళూ పొలాలూ తోటలూ ప్రభుత్వపరం చేసుకుంది. మనకిది కొత్త కాదు. అదే 1950లో భారతదేశం కాందిశీకుల ఆస్తుల చట్టం చేసింది, పాకిస్తానూ చేసింది. అయితే అటువెళ్ళినవాడికి అక్కడో పౌరసత్వం దొరికింది. పాలస్తీనియన్లకు జోర్డాన్ పౌరసత్వం ఇచ్చింది గాని, లెబనాన్ శిబిరాల్లోకి వెళ్ళినవాళ్ళ మనవళ్ళకు ఇప్పటికీ దేశం లేదు.

ఇంకో తేడా ఉంది. ఇజ్రాయెల్ లోపలే ఉండి, పౌరులై, ఓటేస్తూ కూడా 'గైర్హాజరీలు' అయినవాళ్ళున్నారు. లెబనాన్ సరిహద్దు దగ్గర ఇక్రిత్ అని క్రైస్తవ అరబ్బుల ఊరు. 1948 నవంబరులో సైన్యం వచ్చి, రెండు వారాలు పక్కకు వెళ్ళండి, తర్వాత రావచ్చంది. వెళ్ళారు. రానివ్వలేదు. కోర్టుకెళ్ళారు. 1951 జూలైలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు వాళ్ళకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ డిసెంబరులో, క్రిస్మస్ వేళ, సైన్యం ఊరిని పేల్చేసింది. చర్చి ఒక్కటే మిగిలింది. వాళ్ళు రాయి విసరలేదు, తుపాకీ పట్టలేదు, కోర్టునే నమ్ముకున్నారు. వాళ్ళ హక్కు గురించి మాట్లాడితే యూదు ద్వేషమా? ఆ మాటను అంత చౌకగా వాడితే, నిజంగా వాడాల్సిన రోజున దానికి పదును ఉండదు.

మరి యూదు ద్వేషం ఎప్పుడవుతుంది? "అరబ్బులూ సెమిటిక్ జాతే, వాళ్ళు యాంటీ సెమైట్లు ఎలా అవుతారు" అనే తెలివితేటలు ముందే పక్కన పెట్టండి. 1879లో విల్హెల్మ్ మార్ అనే జర్మన్ ప్రచారంలోకి తెచ్చిన నాటి నుంచి ఆ పదానికి యూదుల మీద ద్వేషమనే అర్థం. నేను క్లాసులో పెట్టుకున్న పరీక్ష చిన్నది. వాక్యంలో "ఇజ్రాయెల్ ప్రభుత్వం" అనాల్సిన చోట "యూదులు" అని వచ్చిందా? ప్రపంచ బ్యాంకులూ మీడియా వాళ్ళ గుప్పిట్లో ఉన్నాయనే కథ వచ్చిందా? ఎక్కడో ఉన్న యూదుడు నెతన్యాహు పనికి జవాబుదారీ అయ్యాడా? 2008లో ముంబయిలో నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రంలో రబ్బీని (యూదు మతగురువును), ఆయన భార్యనూ, అక్కడున్న మరో నలుగురినీ చంపినవాళ్ళు ఏ పాలస్తీనా రైతుకూ సెంటు భూమి తెచ్చిపెట్టలేదు. హమాస్ 1988 ప్రణాళిక పత్రం రష్యాలో పుట్టిన ఒక నకిలీ కుట్ర పుస్తకాన్ని ప్రమాణంగా పేర్కొంది. అది భూమి వాదన కాదు, పచ్చి ద్వేషం. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో హమాస్ దాడి చేసి సుమారు 1200 మందిని చంపడాన్ని "ప్రతిఘటన" అని సరిపెట్టేవాళ్ళతో నేను చర్చ అక్కడే ఆపేస్తాను. ఆ తర్వాత గాజాలో చనిపోయిన పదుల వేల మందిని "ఉగ్రవాదులే కదా" అని తీసిపారేసేవాళ్ళతోనూ అంతే.

"యూరప్‌కు పొమ్మను" అనే వాక్యం ఎందుకు గీత మీద ఉందంటే, ఇజ్రాయెల్ యూదుల్లో దాదాపు సగం మంది మూలాలు యూరప్‌వే కావు. బాగ్దాద్, సనా, కాసాబ్లాంకా, కైరో. ఇరాక్ నుంచి 1950-51లో లక్షా ఇరవై వేల మంది దాకా విమానాల్లో వెళ్ళిపోయారు, 1951 మార్చిలో ఇరాక్ వాళ్ళ ఆస్తులు స్తంభింపజేసింది. అంతకు పదేళ్ళ ముందే, 1941 జూన్‌లో, బాగ్దాద్‌లో వాళ్ళ మీద ఊచకోత జరిగింది. వాళ్ళను ఎక్కడికి పొమ్మంటారు? మూడు తరాలుగా అక్కడ పుట్టిన పిల్లల్ని ఎక్కడికి? ఒక జనాన్ని తరిమిన అన్యాయానికి ఇంకో జనాన్ని తరమడం విరుగుడు కాదు. ప్రపంచంలో అన్ని జాతులకూ సొంత దేశం ఉండొచ్చు గాని యూదులకు మాత్రం కూడదంటే, ఆ మినహాయింపు ఎందుకో అన్నవాడే చెప్పాలి. అన్ని జాతీయ రాజ్యాలనూ వద్దనేవాడో, అందరికీ సమాన పౌరసత్వంతో ఒకే దేశం కావాలనేవాడో వేరు. వాడితో ఏకీభవించకపోవచ్చు, ద్వేషి అనకూడదు.

యూదు నోటి నుంచే జియోనిజానికి వ్యతిరేకత వచ్చిందనడానికి మనకు దగ్గరి పేరు ఎడ్విన్ మాంటేగు. మన పాఠ్యపుస్తకాల్లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగే. 1917లో బ్రిటిష్ మంత్రివర్గంలో ఉన్న ఏకైక యూదు ఆయనే. బాల్ఫర్ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించింది కూడా ఆయనే. యూదులకు వేరే దేశం చూపిస్తే మిగతా దేశాల్లో వాళ్ళను పరాయివాళ్ళను చేస్తారని ఆయన భయం. ఆ విధానమే యూదు వ్యతిరేకమని నోట్ రాశాడు.

మన తెలుగువాళ్ళ గురించి ఒక మాట, కోపగించకండి. పుస్తక ప్రదర్శనలో హిట్లర్ ఆత్మకథ కొని, "క్రమశిక్షణ అంటే అదీ" అని మెచ్చుకుని, సాయంత్రం ఇజ్రాయెల్ జెండా ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకునే మనిషి మన దగ్గరే కనిపిస్తాడు. వీరిలో చాలామందికి ఆ గొడవ మన గొడవకు మారువేషం, అక్కడి ముస్లిం ఇక్కడి ముస్లిముకు బదులు నిలబడతాడు. అటుపక్క పాలస్తీనా కోసం కన్నీళ్ళు పెట్టి, బాగ్దాద్ యూదుల మాట వినగానే విషయం మార్చేవాళ్ళకూ కొదవలేదు. ఇంకొందరు బైబిల్‌లోని ఫిలిష్తీయులే ఈ పాలస్తీనియన్లంటారు. పేరు అక్కడి నుంచే వచ్చింది, జనం కాదు. రోమన్లు రెండో శతాబ్దంలో యూదుల తిరుగుబాటు అణిచాక యూదయ పేరు మార్చి సిరియా పాలస్తీనా అన్నారు. ఇప్పటి పాలస్తీనియన్లు ఆ నేల మీద భాషలూ మతాలూ మార్చుకుంటూ వచ్చిన అనేక తరాల సంతతి.

ఇక మీ గది సంగతి. ఇద్దరినీ కూర్చోబెట్టండి. మొదటివాణ్ణి ఇక్రిత్‌లో ఏ భూమిని ఎవరు కొన్నారో చెప్పమనండి. రెండోవాణ్ణి సెయింట్ లూయిస్ ఓడ ఏ రేవులో ఆగాల్సిందో చెప్పమనండి. ఒకడి జవాబుకు రెండోవాడు అడ్డు రాకూడదు. మా క్లాసులో ఈ రెండు ప్రశ్నలకూ గంట పట్టేది. మీకు వారాంతం పట్టొచ్చు, వంట ముందే చేసి పెట్టుకోండి.